నిమ్మనీళ్ళకు తాళం

ఫిబ్రవరి 2, ఆదివారం

ఇంట్లో ఉన్న విషమంతా ఈ రోజు బయటికి పంపేశాను. స్నానాలగదిలో ఆసిడ్ బుడ్డి, నేల తుడిచే ఎర్రమందు, అద్దాలకు కొట్టే నీలిమందు, బొద్దింకల స్ప్రే, గదంతా మల్లెపూల వాసన తెప్పిస్తానని చెప్పి తలనొప్పి తెప్పించే డబ్బా. అన్నీ విడిగా ఒక సంచిలో కట్టి, చెత్తబండి అతనికి లోపల ఏముందో చెప్పి మరీ ఇచ్చాను. అతను సంచిని ఒంటికి తగలకుండా చెయ్యి చాచి పట్టుకుని వెళ్ళాడు. ఇన్నాళ్ళూ మేము వాటితో కాపురం చేశాం.

పిల్లల డాక్టరు చెప్పింది ఒకటే మాట. చలికాలం మొదలైన దగ్గర్నుంచి మా పిడుగుకి వస్తున్న పిల్లికూతలు తగ్గాలంటే ఇంట్లో ఘాటు వాసనలు తగ్గించమంది. తగ్గించడమేమిటి, తీసేశాను. నా కూతురు ఊపిరి తీసుకుంటుంటే ఛాతీలోంచి ఈల వినబడుతుంది. రెండేళ్ళు నిండని పిల్ల. ఆ ఈల వింటూ చేతులు ముడుచుకుని కూర్చోవడం నావల్ల కాదు.

ఇక మీదట ఈ ఇంట్లో నిమ్మకాయ, వెనిగర్, వంటసోడా, ఉప్పు, సబ్బు తురుము, వేడినీళ్ళు. అంతే. పిల్ల నాకినా ఏమీ కాని వస్తువే నేల మీదికి వెళ్ళాలి. ఇది నా చట్టం.

నెల రోజులుంది. మార్చి మూడున మళ్ళీ కళ్ళజోళ్ళ దుకాణంలో చేరాలి. నేను పనికి వెళ్తే పిడుగు పగలంతా వాళ్ళ మేనత్త దగ్గర, అంటే మా వదిన దగ్గర ఉంటుంది. వదిన ఉండేది వెనక వీధిలోనే. ఈలోగా నా ఇంటితోపాటు ఆ ఇంటిని కూడా దారికి తేవాలి. అక్కడ అడుగుపెడితే ముందు ఫినాయిలు పలకరిస్తుంది, ఆ తర్వాత వదిన.

చేసి చూపిస్తాను.

ఫిబ్రవరి 4

వెనిగరూ వంటసోడా ఒకే సీసాలో పోసి మూత బిగించాను. మూత వెళ్ళి పైకప్పుకి తగిలింది. పిడుగు చప్పట్లు కొట్టింది. ఆయన అన్నం ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే, గొడుగు ఎక్కడుందని అడిగారు.

తెలిసొచ్చింది ఏమిటంటే, సోడా ముందు చల్లాలి, వెనిగర్ తర్వాత పొయ్యాలి. ముందే కలిపితే రెండూ కొట్టుకుని కొట్టుకుని చివరికి ఎందుకూ పనికిరాని నీళ్ళు మిగులుతాయి. ఎవరైనా అడిగితే ఇది నాకు ముందునుంచీ తెలుసని చెబుతాను.

సింకు గొట్టం మాత్రం గలగలమని తెరుచుకుంది.

ఫిబ్రవరి 7

కుళాయిలు తళతళలాడుతున్నాయి. సగం కోసిన నిమ్మచెక్కతో రుద్దితే ఏళ్ళ తరబడి పేరుకున్న తెల్లచారలు పోయాయి. దుకాణంలో కళ్ళద్దం మీద వేలిముద్ర పడితే నా కంటికి కొండంత కనబడుతుంది. కుళాయి మీద మచ్చ నా నుంచి తప్పించుకుంటుందా?

పొయ్యి పక్క నల్లరాతి బండ మీద నిమ్మరసం పడ్డ చోట మాత్రం తెల్లటి మచ్చలు కనబడుతున్నాయి. రాయి పాతది. మచ్చలు ముందునుంచీ ఉండి ఉంటాయి, మురికి పోయాక బయటపడ్డాయి. వాటి మీద ఉల్లిపాయల బుట్ట పెట్టాను. బుట్ట అక్కడే బాగుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

వదిన వచ్చింది. ప్రతి ఆదివారం తమ్ముడిని చూడటానికని వస్తుంది, వచ్చాక పిడుగును తప్ప ఎవరినీ చూడదు. ఈ రోజు గుమ్మంలోనే ఆగి, గాలి ఎగబీల్చి, ఇది కాపురమా ఊరగాయ జాడీయా అని ఆయన్ని అడిగింది. ఆయన నా వైపు చూసి, అక్కకి కుర్చీ జరిపారు.

వదిన వాదన ఏమిటంటే, వాసన రాకపోతే కడిగినట్టు ఎలా తెలుస్తుంది అని. శుభ్రమైనదానికి అసలు వాసనే ఉండదని నేను. టీ చల్లారిపోయింది గానీ ఇద్దరిలో ఒక్కరం కూడా దిగిరాలేదు. చివరికి నాకు తిక్క రేగింది. నా నిమ్మనీళ్ళ స్ప్రే సీసా తీసి వదిన ఎదురుగా బల్ల మీద కొట్టాను, గుడ్డతో తుడిచాను, నాలుక చాపి నాలుక మీద కూడా కొట్టుకున్నాను.

"చూశారా వదినా? మీ ఫినాయిలుతో ఈ పని చెయ్యండి చూద్దాం" అన్నాను.

ఆయనకి పొలమారింది. వదిన ముక్కున వేలేసుకుంది. అంతలోనే నవ్వొచ్చి, సీసా తను తీసుకుని తన నాలుక మీదా కొట్టుకుని, మొహం వంకర్లు తిప్పి, ఉప్పు తక్కువైందని తీర్పు చెప్పింది. పిడుగు నా ఒళ్ళో కూర్చుని మా ఇద్దరి నోళ్ళనూ మార్చి మార్చి చూసింది.

గెలిచాను.

ఫిబ్రవరి 11

పిడుగు స్ప్రే సీసా వైపు వేలు చూపించి "ఛీ" అంది.

ఇది వదిన చలవ. వదిన ఇంట్లో బుడ్లన్నీ ఒక రేకు పెట్టెలో ఉంటాయి. పెట్టెకు తాళం, తాళంచెవి వదిన నడుముకి. పిడుగు ఆ పెట్టె వైపు అడుగు వేస్తే చాలు, వదిన కళ్ళు ఇంతింత చేసుకుని, ఉమ్మేసినట్టు నటించి, "ఛీ ఛీ, అమ్మో" అంటుంది. పిల్ల బిక్కచచ్చిపోతుంది. పసిదానికి భయం నూరిపోయడమే పెంపకం అనుకుంటుంది వదిన. నా కూతురిని నేను దేనికీ భయపడేలా పెంచను. భయపడాల్సినవి ఇంట్లోంచి తీసేస్తే సరిపోయేదానికి పిల్లని భయపెట్టడమెందుకు?

అందుకని దగ్గర కూర్చోబెట్టుకుని, ఛీ కాదమ్మా, మంచిది అని చెప్పాను. బల్ల మీద కొట్టి, తుడిచి, నాలుక చాపి కొట్టుకుని చూపించాను. దాని వేలి మీద ఒక చుక్క వేస్తే నాకింది, మొహం ముడుచుకుంది, మళ్ళీ వేలు చాపింది. సాయంత్రానికల్లా ఛీ అనడం మానేసింది. ఇంత తొందరగా నేర్చుకునే పిల్ల ఎక్కడైనా ఉంటుందా?

ఫిబ్రవరి 13

నేల తుడిచే నీళ్ళలో సబ్బు తురుము కాస్త ఎక్కువైంది. ఆయన చెప్పులు నేలకి అతుక్కుని, నడుస్తుంటే ముద్దులు పెట్టుకుంటున్నట్టు చప్పుడు. పోనీలే, ఈ ఇంట్లో ఎవరో ఒకరు ప్రేమగా ఉన్నారు అన్నారు. రెండోసారి వట్టి వేడినీళ్ళతో తుడిచాను.

ఫిబ్రవరి 15, శనివారం

వదిన ఇల్లు కూడా దారికొచ్చింది.

వదిన ముందుగదిలో బట్టలు కుడుతుంది. కత్తెరలు, సూదులు పిల్లకి అందనంత ఎత్తున గోడకి తగిలించి ఉంటాయి, అందులో వంక పెట్టడానికి లేదు. నేను సోదా చెయ్యడానికి వచ్చిన పోలీసులా ప్రతి మూలా చూసి, రేకు పెట్టె తెరిపించాను. లోపల చిన్న దుకాణమే ఉంది. ఒక్కో బుడ్డీ నా చేతికిస్తూ, దాని గుణగణాలు చెబుతూ, కూతుళ్ళని అత్తారింటికి పంపుతున్నంత దిగాలుగా మొహం పెట్టింది. పిడుగు ఛాతీలో ఈల సంగతి ఎత్తగానే మాత్రం మారు మాట్లాడకుండా మిగిలినవన్నీ ఒకేసారి ఇచ్చేసింది. వదినలో ఆ గుణం ఉంది. పిడుగు కోసమంటే ప్రాణమైనా ఇస్తుంది, ఫినాయిలు ఒక లెక్కా?

ఒక్కటి మాత్రం ఇవ్వనంది. కుట్టుమిషను నూనె మరకలు తీసే స్ప్రే. కొత్తగుడ్డ మీద నూనె చుక్క పడితే దాన్ని నిమ్మకాయ ఏమీ చెయ్యలేదు, అది నిజమే. ఇది లేకపోతే గిరాకీలకి మొహం చూపించలేనంది. సరే ఉంచుకోండి అన్నాను. పెట్టెలోనే ఉంచి తాళం వేస్తానంది. ఒక్క బుడ్డి కోసం అంత పెట్టె ఎందుకు, మిషను సొరుగులో పడేసుకుంటే చేతికి అందుతుంది కదా అన్నాను. పెట్టె కడిగి ఆరబెట్టి పిడుగు బొమ్మలు పెట్టాం. తాళం తీయించేశాను. ఇక ఆ మూత ఎన్నిసార్లు ఎత్తుకున్నా పిల్లని అదిలించక్కర్లేదు.

వచ్చేస్తుంటే చూశాను, వదిన అలవాటుకొద్దీ నడుము దగ్గర తాళంచెవి కోసం తడుముకుంటోంది. నవ్వొచ్చింది.

ఫిబ్రవరి 18

ఛాతీలో ఈల లేదు. చెవి ఆనించి విన్నాను. లేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

పరుపు మీద సోడా చల్లి, ఎండ తగిలాక దులిపాను. బొమ్మలన్నీ వెనిగర్ నీళ్ళలో ముంచి కడిగాను. ఎలుగుబంటి ఇంకా తాడు మీద చెవులు పట్టుకుని వేలాడుతోంది.

పిడుగుకి ఇప్పుడు ఇల్లు తుడవడాన్ని మించిన ఆట లేదు. చిన్న గుడ్డముక్క ఇచ్చాను. నేను సీసా తీస్తే చాలు, తన గుడ్డ పట్టుకుని వచ్చి నిలబడుతుంది. బల్ల తుడుస్తుంది, ఆ తర్వాత పిచ్చుకపిల్లలా నోరు తెరుస్తుంది. ఒక చుక్క వేస్తే తప్ప కదలదు. ఎదురింటావిడని పిలిచి చూపించాను. మీ ఇంట్లో మందులు తాగినా ఏమీ కాదన్నమాట అని ఆశ్చర్యపోయి, కొలతలు అడిగి తెలుసుకుని వెళ్ళింది.

ఆయన ఒక్కరే నవ్వలేదు. ఆ సీసా పిల్ల నోటి దాకా ఎందుకు అన్నారు. తాగే నిమ్మరసం ఇంతకన్నా పుల్లగా ఉంటుందని చెప్పాను. అది కాదు అన్నారు. ఏది కాదో చెప్పలేదు. దేన్నైనా మొదలుపెట్టి సగంలో వదిలేయడం ఆయనకి మామూలే.

మార్చి 3, సోమవారం

దుకాణం. నా బల్ల, నా దీపం, అద్దాలు అరగదీసే చక్రం, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పిడుగు వదిన చంకెక్కి నాకు టాటా చెప్పింది, ఏడవలేదు. నేనూ ఏడవలేదు. వీధి మలుపు తిరిగాక కళ్ళజోడు తుడుచుకున్నాను, అది వేరే సంగతి.

సాయంత్రం వెళ్తే వదిన ఇంట్లో నేల మీద నా నిమ్మవాసన. అన్నీ నేను చెప్పినట్టే చేస్తోంది. మనసు నిశ్చింతగా ఉంది.

మార్చి 6, గురువారం

బాగానే ఉంది. ముందు అది రాసుకోవాలి. పిడుగు బాగానే ఉంది.

నిన్న మధ్యాహ్నం దుకాణానికి ఫోను వచ్చింది. వదిన, ఆస్పత్రి నుంచి. పిడుగు మరకల మందు నోట్లో కొట్టుకుంది. ఎలా వెళ్ళానో గుర్తు లేదు, చేతిలో ఎవరిదో కళ్ళజోడు అలాగే ఉంది.

పెదాలు, నాలుక ఎర్రగా వాచాయి. దగ్గు. ఛాతీకి ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళలేదట. పిల్ల ఒక్కసారి కొట్టుకోగానే వదిన సీసా లాక్కుని, నోరు తడిగుడ్డతో తుడిచి, ఆ సీసా కూడా వెంట పట్టుకుని పరిగెత్తుకొచ్చిందట. కక్కించాలని చూడకపోవడం మంచిదైంది, సీసా తేవడం ఇంకా మంచిదైంది అంది డాక్టరు. ఈ రోజు కూడా ఉంచి, రేపు పంపిస్తామన్నారు.

నిన్న నేను వెళ్ళేసరికి వదిన వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఒక కాలికే చెప్పు ఉంది. నన్ను చూసి లేచి నిలబడి, జరిగింది చెప్పడం మొదలుపెట్టింది. గిరాకీ పిలిచిందని గుమ్మం దాకా వెళ్ళిందట. తిరిగి చూసేసరికి పిల్ల సొరుగు లాగి సీసా తీసింది.

"మిషను బల్ల మీద కొట్టింది, గుడ్డముక్కతో తుడిచింది, నేను పరిగెత్తుకొచ్చేలోపల నాలుక చాపింది. ఎందుకలా చేసిందో నాకేం అర్థం కావట్లేదు అమ్మాయ్" అంది.

నేను ఒంటికాలి మీద లేచాను. "విషం లేని ఇల్లు చేసి మీ చేతిలో పెట్టాను. ఒక్క బుడ్డి దాచిపెట్టుకున్నారు. నా పిల్ల కన్నా ఎవరిదో చొక్కా మీద మరక ఎక్కువైంది మీకు" అన్నాను.

వరండాలో అందరూ విన్నారు. నర్సు తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆయన నా చెయ్యి పట్టుకుంటే విదిలించాను. వదిన ఏదో చెప్పబోయి, నా మొహం చూసి మానుకుంది. "నాదే తప్పు" అంది.

అవును. ఆవిడదే.

మార్చి 7

ఇంటికి వచ్చేశాం. చల్లార్చిన పాలు చెంచాతో పట్టిస్తున్నాను. ఈల మళ్ళీ వినబడుతోంది, కొంచెం. కొన్నాళ్ళలో సర్దుకుంటుందని డాక్టరు చెప్పింది. దుకాణం యజమాని నెమ్మదిగా రమ్మన్నాడు. మరీ నెమ్మదైతే ఇంకొకరిని చూసుకోవాల్సి వస్తుందని కూడా అన్నాడు, మెత్తగానే.

మార్చి 9, ఆదివారం

వదిన రాలేదు. ఆయనకి ఫోను చేసి, పిల్లని ఇక తన దగ్గర వదలొద్దని చెప్పిందట. తన మీద తనకే నమ్మకం పోయిందట. మరకల మందు పారేసిందట, ఒప్పుకున్న బట్టలు కూడా కుట్టకుండా తిప్పి పంపేస్తోందట. అంతా చెప్పి ఆయన నా మొహంలోకి చూశారు. నేను కిటికీ తుడుస్తున్నాను. మంచిదే అన్నాను.

పిడుగు గుమ్మం దగ్గర కూర్చుని "అత్త, అత్త" అంటోంది. నా చెప్పులు ఒక్కొక్కటి మోసుకొచ్చి నా కాళ్ళ ముందు పెట్టింది, తీసుకెళ్ళమని.

మార్చి 11

పిల్లల్ని చూసుకునే చోటు ఒకటి ఉందంటే వెళ్ళి చూశాను. గోడల మీద ఏనుగులు, చేపలు, అంతా రంగురంగులుగా ఉంది. మెట్లెక్కుతుండగానే ఘాటు వాసన ముక్కుకి తగిలింది. నేల దేనితో తుడుస్తారని అడిగితే, క్రిములన్నీ చచ్చే మందుతో అని గర్వంగా చెప్పింది అక్కడి ఆవిడ. పిడుగు రెండుసార్లు దగ్గింది. వచ్చేశాం.

వదినలా ఎవరు చూస్తారు అన్నారు ఆయన. నేను వినిపించుకోలేదు.

మార్చి 12

వంటింట్లో ఉన్నాను. ముందుగదిలో చప్పుడు లేదు. పిల్లలున్న ఇంట్లో చప్పుడు ఆగిపోతే వెళ్ళి చూడాలి, వెళ్ళాను. బల్ల మీద సీసా ఉంది, నాదే, నిమ్మనీళ్ళది. పిడుగు బల్ల మీద కొట్టింది. గుడ్డతో తుడిచింది, నేను తుడిచినట్టే అంచులు కూడా. సీసాని తన వైపు తిప్పుకుంది. నాలుక చాపింది.

నేను తలుపు దగ్గర ఉన్నానని దానికి తెలియదు.

మార్చి 13

కిటికీలన్నీ కడిగాను. ఊచలు కూడా.

మార్చి 14

పిల్లలన్నాక చేతికి అందినవన్నీ నోట్లో పెట్టుకుంటారు. అది ఒకరు నేర్పక్కర్లేదు.

మార్చి 15

ఉల్లిపాయల బుట్ట తీసి చూశాను. మచ్చలు నిమ్మరసానివే. రాయి మీద నిమ్మరసం పొయ్యకూడదని ఆ రోజే తెలుసు నాకు, బుట్ట పెట్టినప్పుడే.

మార్చి 16, ఆదివారం

పిడుగు మళ్ళీ చెప్పులు తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టింది. ఈసారి వేసుకున్నాను.

సీసా శుభ్రంగా కడిగి, మంచినీళ్ళు పోసి, సంచిలో పెట్టుకున్నాను. ఆయన ఎక్కడికని అడగలేదు. లేచి గొళ్ళెం తీసి పట్టుకున్నారు.

వదిన ఇంట్లో మిషను మీద దుప్పటి కప్పి ఉంది. నేల మీద ఒక్క దారప్పోగు లేదు. పిడుగు పరిగెత్తుకెళ్ళి వదిన కాళ్ళని చుట్టేసుకుంది. వదిన చేతులు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుని, ఎత్తుకోవచ్చా అన్నట్టు నా వైపు చూసింది. పుట్టినప్పుడు నా కన్నా ముందు పిడుగును చేతుల్లోకి తీసుకున్న మనిషి. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సీసా తీసి బల్ల మీద పెట్టాను. మంచినీళ్ళేనని చెప్పాను. పిడుగుకి ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. కొట్టింది, తుడిచింది, నాలుక చాపింది.

"ఇదే" అంది వదిన. "ఆ రోజు అచ్చం ఇలాగే."

"నేనే నేర్పాను వదినా. మీరు ఛీ అని నేర్పితే, కాదు మంచిదని నేర్పాను. పెట్టెకు తాళం తీయించింది నేను. మరకల మందు సొరుగులో పడేసుకోమన్నది నేను. దాచిపెట్టుకున్నారని అందరి ముందూ అన్నదీ నేనే."

వదిన పిడుగు చేతిలోంచి సీసా మెల్లగా తీసుకుంది. "సొరుగు సంగతి నాకు గుర్తుంది" అంది.

"మరి ఆస్పత్రిలో ఎందుకు అనలేదు?"

"అప్పుడు నీకు తిట్టడానికి ఒక మనిషి కావాలి. నేను దగ్గర్లో ఉన్నాను."

ఏడ్చాను. వదిన ఓదార్చలేదు, ఏడవనిచ్చింది. పిడుగు తన గుడ్డముక్కతో నా మోకాలు తుడిచింది. ఏడుపు తగ్గాక వదిన ఒక సంగతి గుర్తు చేసింది. ఆ ఆదివారం తను కూడా నాలుక మీద కొట్టుకుందట, పైగా ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టిందట. కాబట్టి తప్పంతా నేనొక్కదాన్నే మూటగట్టుకుని పోవడానికి వీల్లేదంది. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఏడుపుతో కలిసిపోయిన నవ్వు.

తర్వాత పనిలో పడ్డాం. రేకు పెట్టెలోంచి బొమ్మలు తీసి అల్మారాలో సర్దాం. పెట్టెలో నిమ్మనీళ్ళు, వెనిగర్, సోడా పెట్టి తాళం వేశాం. నిమ్మనీళ్ళకు తాళమేమిటని ఎవరైనా నవ్వితే నవ్వుకోనీ. పిల్లకి తెలిసేది సీసా. అందులో ఉన్నదేమిటో దానికెలా తెలుస్తుంది? ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు, ఆయన సగంలో వదిలేసిన మాట కూడా ఇదే అయ్యుంటుంది. ఇంటికొచ్చి అడిగితే అవునన్నారు. పూర్తిగా చెబితే నువ్వు వినే మనిషివా అని కూడా అన్నారు. ఈసారి మాట సగంలో ఆపలేదు.

మార్చి 18

మా ఇంట్లో కూడా సీసాలన్నీ పై అరలోకి వెళ్ళాయి, గొళ్ళెం పెట్టించాను. ఇక ఛీ నేర్పాలి. నేర్పినదాన్ని మాన్పించడం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదు. నేను మొహం అసహ్యంగా పెడితే పిడుగు పకపకా నవ్వుతుంది. ఉమ్మేసినట్టు నటిస్తే తనూ థూ థూ అని ఇల్లంతా తిరుగుతుంది. ఎదురింటావిడకి కూడా వెళ్ళి చెప్పాను, కొలతలు మంచివే గానీ నాలుక ఆట మాత్రం చూపించకండని.

మార్చి 20

వదిన దగ్గర పాఠాలు. నా నటన చూసి పెదవి విరిచింది. కళ్ళు ఇంకా పెద్దవి చెయ్యాలట. నీకే భయం వెయ్యకపోతే దానికేం వేస్తుంది అంది. వెనిగర్‌ని చూసి భయపడటం నావల్ల కాదన్నాను. ఆస్పత్రిలో ఆ బెంచీ గుర్తు తెచ్చుకో అంది.

భయం వచ్చింది. పిడుగు నవ్వడం ఆపేసి నా మొహంలోకి చూసింది.

మార్చి 24, సోమవారం

దుకాణానికి వెళ్ళాను. పిడుగు వదిన దగ్గర.

మరకల స్ప్రే మళ్ళీ కొనిపించాను, వద్దంటున్నా వినకుండా. అది లేకపోతే ఆవిడ పని సాగదు. పెట్టెలో అన్నిటికన్నా అడుగున ఉంది. తాళంచెవి మళ్ళీ వదిన నడుముకి చేరింది. మిషను మీద దుప్పటి తీసేసింది, తిప్పి పంపిన బట్టలు కూడా ఒక్కొక్కటే వెనక్కి వస్తున్నాయి.

రాతి బండ మీద మచ్చలు అలాగే ఉన్నాయి. బుట్ట పక్కకి జరిపాను, కనబడనీ.

మార్చి 27

ఈల లేదు.

మార్చి 30, ఆదివారం

వదిన వచ్చింది. గుమ్మంలో ఆగి గాలి ఎగబీల్చి, వాసన అలవాటైపోయిందంది. పిడుగుకి పరీక్ష పెడదామంది. నాకు ఇష్టం లేదు, అయినా సరే అన్నాను. రేపటి నుంచైనా ధైర్యంగా పనిలోకి వెళ్ళాలంటే తెలియాలి.

సీసాలో మంచినీళ్ళు పోసుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. పిడుగు గోడ దగ్గర ఎలుగుబంటితో ఆడుకుంటోంది. ఆయన, వదిన పక్కగా నిలబడ్డారు. బల్ల మీద కొట్టాను. ఎలుగుబంటి ఆట ఆగింది. తుడిచాను, అంచులు కూడా. సీసా నా వైపు తిప్పుకుని నాలుక చాపాను.

"ఛీ" అని అరుస్తూ వచ్చి నా చేతి మీద కొట్టింది. సీసా ఎగిరి వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పడింది. రెండు చేతులూ నా నోటికి అడ్డం పెట్టి ఏడుపు లంకించుకుంది. కళ్ళు ఇంతింత చేసుకుంది, అచ్చం వదిన కళ్ళు. ఎత్తుకున్నా, జోకొట్టినా, ఆ చేతులు మాత్రం తియ్యలేదు.

"పాసైంది" అంది వదిన.

ఎవరు అని ఆయన అడిగారు. వదిన తన కళ్ళు తుడుచుకునే పనిలో ఉంది.

నా కూతురిని దేనికీ భయపడేలా పెంచనని గొప్పగా అనుకున్నాను. ఇప్పుడు దానికి ఒక భయం ఉంది. నేనే కూర్చుని నేర్పాను. అయినా తనకి ఏమవుతుందోనని కాదు, నాకు ఏమవుతుందోనని ఏడ్చింది. ఆ చిన్న చేతుల కింద నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. నోరు మూసుకుని కూర్చోవడం నాకు అలవాటు లేదు. అంత ఏడుపులోనూ దాని ఛాతీలో ఈల వినబడలేదు.

ఇప్పుడు నిద్రపోతోంది. రేపు దుకాణం. సీసా పై అరలో పెట్టి గొళ్ళెం వేశాను, లాగి చూశాను కూడా. చెయ్యి ఇంకా చురుక్కుమంటోంది. గట్టిగానే కొట్టింది నా తల్లి.